పచ్చిపాలు, నాటుగుడ్లు: ఒక విమర్శ

"పచ్చిపాలు ఎక్కడ దొరుకుతాయి?" అని లేపాక్షిలో ఎవరినైనా అడిగితే నవ్వుతారు. పాడి ఉన్న ఇంటికి చెంబు పట్టుకొని వెళితే పాలు, గంపకింద కోడి ఉన్న ఇంటికి వెళితే గుడ్లు లభిస్తాయి. కాని ఇదే ప్రశ్న నేడు లోకంలో అనేక చోట్ల చట్టానికి సంబంధించిన ప్రశ్న అయినది. స్కాట్లండులో 1983 నుండి త్రాగడానికి పచ్చిపాలు అమ్మరాదు. కెనడాలో 1991 నుండి దేశమంతటా నిషేధమున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పచ్చిపాలను అమ్మకానికి పంపడాన్ని 1987లో నిషేధించారు. రాష్ట్రం లోపల ఎవరి చట్టం వారిది. కాలిఫోర్నియాలో దుకాణాలలోనే అమ్మడానికి అనుమతి ఉన్నది. న్యూజెర్సీలో చాలాకాలంగా అమ్మకం నిషిద్ధం. ఈ రెండూ తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన రాష్ట్రాలే. అక్కడి మన కుటుంబాలలో కూడా గడ్డపెరుగు కోసమనీ, పిల్లల బలం కోసమనీ పచ్చిపాలను, పల్లెగుడ్లను వెదకేవారు ఉన్నారు.

ఈ వెదకులాట వెనుక ఒక వాదం ఉన్నది. పశువు ఇచ్చినది ఇచ్చినట్లే పుచ్చుకొంటే బలం. కాచినా, శీతలపరచినా, సంచులలో నింపినా ఆ బలం పోతుంది. చట్టాలు పెద్ద డెయిరీల మేలుకోరి చేసినవి అన్నది ఆ వాదం. దీనికి ఎదురువాదం కూడా అంత తొందరపాటుదే. కాచిన పాలు నిర్దోషమైనవి, కాచనివి విషం, ఇక విచారింపవలసినది లేదు అంటారు వీరు. ఒక గేదె, నాలుగు కోళ్లు ఆధారంగా కరవును దాటవలసిన కుటుంబాలు ఉన్న అనంతపురం పీఠభూమిలో ఈ రెండు వాదాలను పరీక్షించి చూడడం అవసరం. ఇక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది త్రాగే పిల్లవాడు, అమ్మే రైతు కూడా.

మొదట సంప్రదాయం మాట. "మా తాతలు పచ్చిపాలే త్రాగారు" అంటారు. పొదుగు దగ్గర గుమ్మపాలు త్రాగే అలవాటు కొందరికి ఉండిన మాట నిజమే. కాని తెలుగు ఇంటిలో పాలు రాగానే జరిగే మొదటి పని కాచడం. పిడకల సెగమీద దాలిలో గంటల తరబడి కాగిన పాలను తోడుపెట్టినందువల్లనే మీగడ కట్టిన పెరుగు వచ్చేది. జున్నుపాలను కూడా ఉడికించే తింటాము. కాబట్టి పెరుగు కోసం పచ్చిపాలను వెదకేవారు సంప్రదాయాన్ని సగమే జ్ఞాపకం పెట్టుకొన్నారనవలె. పాశ్చరీకరణం చేసిన పాలు కూడా మంచి తోడు పడితే చక్కగా పేరుకొంటాయి. గట్టిదనంలో తేడా వస్తే అది చాలవరకు వెన్నపాలు, నీటిపాలు, ఎంతసేపు కాచామన్నదానిపై ఆధారపడి ఉంటుంది. గేదెపాలలో వెన్న సుమారు 6 నుండి 7 శాతం, ఆవుపాలలో సుమారు 4 శాతం ఉండడం ఇందుకు ఒక కారణం.

ఇక "తాజా" అన్న మాట. దీనిలో ఎంత గణితమున్నదో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. పొదుగు నుండి వెలువడిన పాల వేడి ఇంచుమించు పశువు దేహపు వేడే. ఆ వేడిలో కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలవు. లేపాక్షి నుండి హిందూపురం 15 కిలోమీటర్లు. తెల్లవారుజామున 5 గంటలకు పితికిన పాలు క్యానులలోకి చేరి, బండి ఎక్కి, పట్టణంలో ఇల్లిల్లు తిరిగి 9 గంటలకు ఒక వంటింటికి చేరినవనుకొందాము. 4 గంటలలో 12 రెట్టింపులు. ఒక్క సూక్ష్మజీవి 4,096 అవుతుంది. పాలను వెంటనే 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తే ఈ వృద్ధి చాలవరకు ఆగుతుంది. కాని శీతలయంత్రం లేని ఇంటికి ఆ మాట వర్తించదు. పల్లెలో పితికిన అరగంటకే పొయ్యిమీదికి ఎక్కే పాలకు, పట్టణంలో నాలుగు గంటల తరువాత చేరే పాలకు "పచ్చిపాలు" అనే పేరు ఒకటే అయినా వస్తువు ఒకటి కాదు.

అయితే పితికిన క్షణాన పుచ్చుకొంటే ప్రమాదం లేదా? దీనికి మాల్టా ద్వీపపు చరిత్ర సమాధానం చెబుతుంది. అక్కడి బ్రిటిషు సైనికులను దీర్ఘకాలపు జ్వరం ఒకటి పీడించేది. 1887లో డేవిడ్ బ్రూస్ దానికి కారణమైన సూక్ష్మజీవిని వెల్లడించాడు. అది మనుష్యులకు ఎట్లా సోకుతున్నదో చాలాకాలం తెలియలేదు. 1905లో ఆ ద్వీపవాసియే అయిన థెమిస్టోక్లిస్ జామిట్, ఆరోగ్యంగా కనిపించే మేకలలోనే ఆ వ్యాధి దాగి ఉన్నదని నిరూపించాడు. మాల్టాలో మేకలను గుమ్మం ముందుకు తోలుకొనివచ్చి కొనేవారి కళ్లెదుటనే పితికి ఇచ్చేవారు. అంతకన్న తాజా పాలు ఉండబోవు. 1906లో సైనికులకు మేకపాలు మాన్పించగానే వారిలో జ్వరం ఒక్కసారిగా తగ్గిపోయింది. అవే పాలు త్రాగుతూ వచ్చిన పౌరులలో అది కొనసాగింది. తాజాదనం ఒకటి, నిర్దోషత్వం మరొకటి అని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తున్నది. ఆ వ్యాధినే ఇప్పుడు బ్రూసెల్లోసిస్ అంటున్నాము. మేకలు, గొర్రెలు, పశువులు గల మన మెట్టసీమలో ఇది పరాయి దేశపు కథ మాత్రమే కాదు.

పచ్చిపాలలో పోషకబలం అధికమనే మాటలో ఎంత నిజమున్నది? మాంసకృత్తులు, సున్నము, వెన్న కాచడంవల్ల చెప్పుకోదగినంతగా తగ్గవు. కొన్ని బి విటమినులు స్వల్పంగా తగ్గుతాయి. సి విటమిను తగ్గుతుంది. కాని పాలలో అది మొదటినుండీ అల్పమే, దానికోసం నిమ్మకాయను ఆశ్రయించడం మేలు. పాలు అరగనివారికి పచ్చిపాలు సరిపడతాయన్న మాటను 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 16 మంది పెద్దలపై పరీక్షించారు. పాశ్చరీకరణం చేసిన పాలకన్న వాటివల్ల ప్రయోజనం కనిపించలేదు. ఈ వాదానికి బలమైన ఆధారం ఒకటి ఉన్నది, దానిని దాచకూడదు. ఐరోపా పల్లెలలో పాడిక్షేత్రపు పచ్చిపాలు త్రాగే పిల్లలలో ఉబ్బసం కొంత తక్కువగా ఉన్నదని 2011లో ఒక పెద్ద పరిశీలన తెలిపింది. అయినా ఆ పరిశోధకులే పిల్లలకు పచ్చిపాలు పట్టవలెనని సలహా ఇవ్వలేదు. పాలలోని ఆ మేలుచేసే పదార్థాన్ని గుర్తించి, వ్యాధిభయం లేకుండా అందించే మార్గం వెదకవలెనన్నదే దాని సారాంశం.

ఇప్పుడు ఎదురువాదాన్ని పరీక్షింతము. తరగతిలో పాశ్చరీకరణం అనగానే 63 డిగ్రీలు 30 నిమిషాలు, 72 డిగ్రీలు 15 సెకండ్లు అని వల్లెవేయిస్తాము. ఆ సంఖ్యలు ఎక్కడినుండి వచ్చినవో చెప్పము. మొదట క్షయ సూక్ష్మజీవిని చంపడానికి తగిన వేడిని నిర్ణయించారు. తరువాత క్యూ జ్వరాన్ని కలిగించే సూక్ష్మజీవి అంతకన్న కొంచెం ఎక్కువ వేడిని తట్టుకొంటున్నదని తెలిసి, 1956లో అమెరికాలో ఆ హద్దును ఒక డిగ్రీకి పైగా పెంచారు. అంటే ఆ సంఖ్య వెనుక ఒక శత్రువు పేరు ఉన్నది. ఆ పేరు తెలిసిన విద్యార్థి మరొక ప్రశ్న కూడా వేయగలడు: వేడికి లొంగని శత్రువులు పాలలో లేవా?

ఉన్నవి. వాటిలో ఒకటి మన సీమకే బాగా సంబంధించినది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు హఠాత్తుగా చనిపోయినవి. కారణం వెదకగా బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు, ఆ బూజు పుట్టించిన విషం బయటపడినవి. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. పశువు బూజుపట్టిన చెక్క తింటే ఆ విషంలో కొంతభాగం, సాధారణంగా నూటికి ఒకటి నుండి మూడు పాళ్లు, రూపం మారి పాలలోకి దిగుతుంది. దీర్ఘకాలంలో ఇది కాలేయానికి హాని చేస్తుంది. పాశ్చరీకరణంగాని, మన పొయ్యిమీద పొంగించడంగాని దానిని తొలగించలేవు.

అనంతపురం పీఠభూమిలో సాలుకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఇక్కడి ప్రధానమైన వర్షాధారపు పంట. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే ఆ బూజు కాయలోకి చొచ్చుకుపోవడానికి అనువైన స్థితి ఏర్పడుతుంది. అమ్మకానికి పనికిరాని కాయ, బూజుచెక్క చివరకు చేరేది పశువుల తొట్టికే. కరవు సంవత్సరంలో మేత కొరత వల్ల ఇది ఇంకా అధికమవుతుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో 1,103 పట్టణాలనుండి 6,432 పాల నమూనాలు తీయించి పరీక్షింపజేసింది. ప్రమాదకరమైన కల్తీ దొరికినవి 12 మాత్రమే. కాని 368 నమూనాలలో, అంటే నూటికి 5.7 పాళ్లలో, ఈ విషం కిలోకు 0.5 మైక్రోగ్రాము అనే హద్దును దాటి ఉన్నది. పైగా విడిపాలలో కన్న శుద్ధిచేసి అమ్మే పాలలోనే ఈ దోషం అధికంగా కనిపించింది. పచ్చిపాల పక్షమువారు, కాచినపాల పక్షమువారు గిన్నె చుట్టూ నిలిచి వాదులాడుకొంటూ ఉండగా, అసలు ప్రశ్నలలో ఒకటి మేతకొట్టంలో ఉండిపోయింది.

గుడ్ల విషయంలోను ఇదే తీరు. పెంకు రంగు కోడి జాతిని బట్టి, పచ్చసొన రంగు మేతలోని ఆకుపచ్చను, జొన్న మొక్కజొన్నలను బట్టి వస్తాయి. మాంసకృత్తులు ఫారం గుడ్డులోను, నాటుగుడ్డులోను ఇంచుమించు సమానమే. నాటుగుడ్డు పరిమాణం చిన్నది. రుచికోసం ఎక్కువ వెల పెడితే తప్పులేదు, బలంకోసమని పెట్టనక్కరలేదు. నీటిలో తేలే గుడ్డు పాతది, మునిగి అడ్డంగా పడుకొన్నది తాజాది. లోపలి గాలిగది రోజులు గడిచేకొద్దీ పెరగడమే కారణం. కాని ఆ పరీక్ష వయస్సును చెబుతుందేగాని వ్యాధిని చెప్పదు. కొన్ని సాల్మొనెల్లా సూక్ష్మజీవులు పెంకు ఏర్పడకముందే కోడి దేహంలో గుడ్డులోనికి చేరగలవు. పచ్చిగుడ్డు త్రాగితే బలమన్నదీ లెక్కకు నిలవదు. బెల్జియంలో 1998లో జరిగిన పరిశీలనలో ఉడికిన గుడ్డు మాంసకృత్తులలో సుమారు 91 శాతం, పచ్చిగుడ్డువానిలో సుమారు 51 శాతం మాత్రమే అరిగినవి. బడిలో మధ్యాహ్న భోజనానికి ఉడికించిన గుడ్డు పెట్టడం ఈ దృష్టితో చూస్తే సరియైన పద్ధతి.

అమ్మకంపై ఆంక్షలు మన రాష్ట్రమూ చూసినది. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి ప్రాంతంలో హెచ్5ఎన్1 పక్షిజ్వరం బయటపడగా, వ్యాధి పుట్టిన చోటునుండి కిలోమీటరు లోపల కోళ్లను, గుడ్లను నాశనం చేయించి, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెట్టారు. ఆ ఆంక్షకు హద్దు, కారణము, గడువు ఉన్నవి. అదే వ్యాధి 2024 మార్చిలో అమెరికా పాడియావులలో కనిపించింది. పచ్చిపాలలో వైరస్ ఉన్నదని తేలింది. పచ్చిపాలు త్రాగిన పిల్లులు చనిపోయినవి. పాశ్చరీకరణం దానిని నిర్వీర్యం చేసింది. ఇటువంటి సమయంలో చట్టాన్ని తప్పించుకొని పాలు వెదకడం స్వేచ్ఛ అనిపించుకోదు.

అయినా నిషేధమే సర్వరోగనివారిణి కాదు. మన దేశంలో పచ్చిపాల అమ్మకం నిషిద్ధం కాదు. 2006 నాటి చట్టం, 2011 నాటి నిబంధనలు చిన్న వ్యాపారి నమోదు చేసుకోవలెనని కోరుతూ, సహకార సంఘాలకు పాలుపోసే రైతులకు మినహాయింపు ఇచ్చినవి. ఈ ఏర్పాటు మనకు తగినదే. దాని లోపమేమిటంటే, రైతుకు చెల్లించే ధర వెన్నను బట్టి, చిక్కదనాన్ని బట్టి నిర్ణయమవుతుంది. సూక్ష్మజీవులు తక్కువగా, మేత శుభ్రంగా ఉన్నందుకు సాధారణంగా అదనంగా ఒక్క పైసా రాదు. కొలవని గుణం కోసం ఎవరు కష్టపడతారు?

కొలవడం బడిలోనే మొదలుపెట్టవచ్చు. 10 మిల్లీలీటర్ల పాలలో ఒక మిల్లీలీటరు పలుచని మిథిలీన్ బ్లూ ద్రావణం కలిపి, మూత బిగించి 37 డిగ్రీల వెచ్చని నీటిలో ఉంచండి. నీలిరంగు 5 గంటలు నిలిస్తే పాలు చాలా మంచివి. అరగంటలోనే పోతే సూక్ష్మజీవులతో నిండినవి. లాక్టోమీటరు ఈ సంగతి చెప్పలేదు. పితికిన వెంటనే తీసిన పాలను, నాలుగు గంటలు ఎండవేళ ఉంచిన పాలను పక్కపక్కన పెట్టి చూపితే పైన చెప్పిన గణితం కంటికి కనిపిస్తుంది.

పాలు కొనేవారు, లేపాక్షిలోనైనా న్యూజెర్సీలోనైనా, అడగవలసిన ప్రశ్నలు మూడు. పితికి ఎంతసేపైనది, ఆ సేపు ఎంత చల్లగా ఉన్నవి? పశువుకు క్షయ, బ్రూసెల్లా పరీక్షలు జరిగినవా? అది తిన్న చెక్క ఎట్టిది? మూడింటికీ మంచి సమాధానం దొరికినా పాలను కాచే త్రాగవలె. మూడవ ప్రశ్నకు మంచి సమాధానం రావడం మాత్రం రైతు చేతిలోనే ఉన్నది. కాయలను తేమ 8 శాతానికి తగ్గేవరకు ఎండబెట్టడం, బూజుపట్టినవి ఏరివేయడం, చెక్కను తడి తగలకుండా ఉంచడం చాలు. బూజుమేత మాన్పించిన మూడు నాలుగు రోజులలోనే పాలలో ఆ విషం దాదాపు కనిపించకుండా పోతుంది. ఈ సంగతి పాడి ఉన్న ప్రతి ఇంటికి చేరవలె. చేర్చగలవారు ఆ ఇండ్లనుండి మన తరగతికి వచ్చే విద్యార్థులే.