కథతో పాటు చిట్టా

తెలుగులో కథలూ కవిత్వమూ రాసేవాళ్లలో చాలామంది తమ పుస్తకాలు తామే అచ్చు వేయించుకుంటారు. నేనూ అంతే. చివరి ప్రూఫు దిద్దడం అయిందంటే రచయిత పని ముగిసి ప్రచురణకర్త పని మొదలవుతుంది. ప్రెస్సు వాళ్ల కొటేషను, కాగితం ధర, అట్ట మీద బొమ్మ వేసిన చిత్రకారుడికి ఇవ్వాల్సిన డబ్బు, ఐఎస్‌బీఎన్ దరఖాస్తు, దుకాణాలకు చలాన్లు, పోస్టాఫీసు రసీదులు, ఏడాది చివర ఆడిటరుకు అప్పజెప్పాల్సిన లెక్కలు. చిన్నదే అయినా ఇది వ్యాపారమే. వ్యాపారమన్నాక కాగితాల పని తప్పదు.

“రాసుకునేవాళ్లం, మనకెందుకండీ ఈ లెక్కలు” అనే మాట సాహిత్య సభల్లో తరచూ వింటుంటాను. ఆ మాటతో నాకు పేచీ ఉంది. పుస్తకం పాఠకుడికి చేరకపోతే రాసింది సగంలో ఆగినట్టే. ఆ మిగతా సగం నడిచేది చలాన్ల మీద, రసీదుల మీద, ఒప్పందాల మీద. వాటిని చిన్నచూపు చూస్తే డబ్బుతో పాటు పుస్తకమూ పోతుంది.

మన పెద్దవాళ్లు ఈ రెండు పనుల్నీ విడదీసి చూడలేదు. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టినప్పుడు దాన్ని మద్రాసులో అచ్చు వేయించేవారు. తర్వాత రాజమహేంద్రవరంలోనే ముద్రణాలయం పెట్టుకున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. అది నిలదొక్కుకున్నాకే 1908లో ‘ఆంధ్రపత్రిక’, 1924లో ‘భారతి’, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. ‘భారతి’లో అచ్చయినవాటిని ఇవాళ మనం సాహిత్య చరిత్రగా చదువుకుంటున్నాం. ఆ చరిత్ర వెనక తలనొప్పి మందు సీసాల లెక్క ఉంది. ఆ లెక్క ఎవరో ఒకరు శ్రద్ధగా రాశారు కనుకే పత్రిక నడిచింది.

అయితే రెండు పనులూ ఒకే పూట చేయడం కుదరదు. కథ రాసేటప్పుడు పాత్ర ఏం మాట్లాడుతోందో వినపడాలి. లెక్క చూసేటప్పుడు రూపాయి ఎక్కడ తేడా వచ్చిందో కనపడాలి. పొద్దున్నే ఫోన్లో బ్యాంకు మెసేజ్ చూశానంటే ఆ రోజు కథ ముందుకు కదలదు. అందుకే పొద్దుటి పూట రాత, భోజనాలయ్యాక లెక్క అని నియమం పెట్టుకున్నాను. రాస్తుండగా ఫలానా దుకాణానికి పుస్తకాలు పంపాలన్న సంగతి గుర్తొస్తే పక్కనున్న చిన్న నోటుబుక్కులో ఒక ముక్క రాసి మళ్లీ కథలోకి వెళతాను. కాగితం మీద పెట్టాక ఆ విషయం బుర్రను వదిలేస్తుంది. ఏ వారం లెక్క ఆ వారమే చూసుకుంటాను. మార్చి నెలాఖరున ఏడాది రసీదులన్నీ ముందేసుకుని కూర్చుంటే వేసవి సగం గడిచేదాకా రాత మీదికి మనసు పోదు.

నా చిట్టాలో ఒక్కో దుకాణానికి ఒక్కో పేజీ. పేజీకి నాలుగు గడులు: ఇచ్చినవి, అమ్ముడైనవి, తిరిగొచ్చినవి, ఊరికే ఇచ్చినవి. మామూలుగా దుకాణాల వాళ్లు మన పుస్తకాలకు ముందే డబ్బివ్వరు, అమ్మాకే లెక్క. కమీషను సాధారణంగా 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపాయనతో కూర్చుని ఈ లెక్క తేల్చుకోవడం నాకు ఇష్టమైన పని. నేను సంచిలోంచి చలాను రెండో కాపీ తీస్తాను, ఆయన తన రిజిస్టరు తెరుస్తారు. “పాతిక ఇచ్చారు మాస్టారూ. ర్యాకులో ఏడున్నాయి, అవి కాక రెండింటికి అట్ట నలిగింది. పదహారుకి లెక్క కట్టేద్దామా?” అంటారు. నలిగిన రెండూ సంచిలో వేసుకుని, పదహారుకి కమీషను పోను బిల్లు రాసిస్తాను. అంతే, టీ తాగి లేస్తాం. చలానే లేకపోతే ఆ పాతికను ఇద్దరం జ్ఞాపకంలో వెతుక్కోవాలి. ఎంత మంచివాళ్ల మధ్యైనా మాట తేడా వచ్చేది అక్కడే. మా స్నేహాన్ని ఇన్నాళ్లూ కాపాడింది ఆ పల్చటి కార్బన్ కాపీయే.

ఆ పేజీలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. సభలో మెచ్చుకున్నవాళ్లు పుస్తకం చదివారో లేదో నాకు తెలియదు. కానీ ఒక చిన్న ఊరి దుకాణం మళ్లీ మళ్లీ అదే పుస్తకం అడుగుతోందంటే, ఆ ఊళ్లో ఎవరో చదివి పక్కవాళ్లకు చెబుతున్నారన్నమాట. ఆ పాఠకుడి పేరు నాకు తెలియదు, ఉనికి మాత్రం చిట్టాలో కనిపిస్తుంది. ఏ సమీక్షా నాకు ఇంత ధైర్యం ఇవ్వలేదు.

పోస్టు ఖర్చు లెక్క చూసుకునేదీ పాఠకుడి కోసమే. 2025 మేలో తపాలా శాఖ పుస్తకాల కోసం ‘జ్ఞాన్ పోస్ట్’ ప్రారంభించింది. అప్పుడు పెట్టిన ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. రెండొందల పేజీల డెమ్మీ సైజు పుస్తకం మామూలు కాగితం మీద వేస్తే, అట్టముక్క పెట్టి చుట్టినా 300 గ్రాముల లోపే తూగుతుంది. మరో యాభై పేజీలు పెరిగితే దాటిపోవచ్చు. సంపుటిలో ఏ కథ ఉండాలో కథ బలమే నిర్ణయించాలి. కానీ అక్షరం సైజు, మార్జిను, కాగితం మందం ఎంచుకునేటప్పుడు ఈ తూకం గుర్తుంటే దూరాన ఉన్న పాఠకుడికి నాలుగు రూపాయలు మిగులుతాయి.

పన్నుల విషయంలో రాసేవాళ్లకు తెలియాల్సినవి ముఖ్యంగా రెండు. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ సున్నా. అందుకే ముద్రణ బిల్లులో మనం కట్టిన జీఎస్టీ తిరిగి రాదు, పుస్తకం ఖర్చులోనే కలిసిపోతుంది. వెల నిర్ణయించే ముందు దాన్ని లెక్క వేసుకోవాలి. రెండోది రాయల్టీ. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 80క్యూక్యూబీ సెక్షను కింద, పాత పన్ను విధానం ఎంచుకున్న రచయితకు, సాహిత్య గ్రంథాల రాయల్టీలో 3 లక్షల రూపాయల దాకా మినహాయింపు కల్పించింది. అది ప్రచురణ సంస్థ చెల్లించే రాయల్టీ మాట. సొంతంగా వేసుకుని అమ్ముకుంటే వచ్చేది వ్యాపార ఆదాయం. రెండూ ఉన్నవాళ్లు రెండు ఖాతాలుగా రాసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక ఏటా ఆడిటరును అడిగి తేల్చుకోవాలి.

ఇక 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం. పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. పంపకపోతే చట్టంలో రాసిన జరిమానా 50 రూపాయల దాకా, దానికి తోడు పుస్తకం వెల. జరిమానా కోసం ఎవరూ భయపడనక్కర్లేదు. కానీ వందేళ్ల తర్వాత మన ఊరి గురించి, మన కాలం గురించి వెతికే పరిశోధకుడికి మన పుస్తకం దొరికే చోట్లు అవే. ఆ నాలుగు పార్శిళ్లు కట్టే పూట నాకు కథ రాసిన పూటంత తృప్తిగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఒప్పందం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. ఆ హక్కు మరొకరికి బదలాయించాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకేననీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేననీ 19వ సెక్షను చెబుతోంది. మన దగ్గర ఎన్నో పుస్తకాలు నోటిమాట మీదే అచ్చయ్యాయి. రచయిత వెళ్లిపోయాక పిల్లలు ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటారు. మంచి కథల సంపుటిని మళ్లీ వేద్దామని ఎవరైనా ముందుకొస్తే సంతకం పెట్టాల్సింది ఎవరో ఇంట్లోవాళ్లకే తెలియదు. ఏళ్లు గడుస్తాయి. ఈలోగా ఆ పుస్తకాన్ని చదవగలిగిన ఒక తరం దాటిపోతుంది. ఇది తెలుగు సాహిత్యానికి నిజమైన నష్టం, మనం ఆపగలిగిన నష్టం కూడా.

అందుకే రాసే మిత్రులకు నా మనవి ఒకటే. ఈ వారం తీరిక చేసుకుని ఒక్క కాగితం రాయండి. మీ పుస్తకాల పేర్లు, ఏ ఏడు అచ్చయ్యాయి, ఎవరికి ఏ హక్కు ఎన్నేళ్లకు ఇచ్చారు, మిగిలిన కాపీలు ఎక్కడున్నాయి, మీ తర్వాత ఆ పుస్తకాల బాగోగులు ఎవరు చూడాలి. ఈ చివరి సంగతిని వీలునామాలోనూ చేర్చండి. కాగితం ఎక్కడ పెట్టారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ తర్వాతే కొత్త కథ మొదలుపెట్టండి.