అవ్వ మాటమీద మన వ్యాఖ్యానం

గత మే నెలలో హోసూరులో మూడు వారాలపాటు జరిగిన ఒక వేసవి తరగతిలో విద్యార్థులు మూడు చిన్న డాక్యుమెంటరీలు తీశారు. ఈ వ్యాసం వాటిని గురించినది. ఒక్కొక్కటి పది నిమిషాలకు మించదు. తరగతిలో పద్నాలుగుమంది ఉన్నారు. హోసూరు, కృష్ణగిరి, సూళగిరి ప్రాంతాలవాళ్ళు ఎక్కువ, బెంగుళూరునుంచి వచ్చినవాళ్ళు నలుగురు. కెమెరా, ఎడిటింగు నేర్పడానికి వేరే అధ్యాపకులు ఉన్నారు. నన్ను పిలిచింది భాషకోసం, అంటే వ్యాఖ్యానం రాయడంలో తప్పులు దిద్దడానికి. మూడు వారాల చివర నాకు తేలిన విషయమేమిటంటే, ఈ చిత్రాల్లో పెద్ద తప్పు వ్యాఖ్యానం ఉండడమే. నేను దిద్దిన తప్పులన్నీ దానిముందు చిన్నవి.

హోసూరు సంగతి తెలియని పాఠకులకోసం రెండు మాటలు. కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులకు ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఇంటి భాషలే. పాతవాళ్ళు మొరసునాడు అన్న సీమలో ఇదొక భాగం. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత కూడా ఇది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. మొదట సేలం జిల్లా, 1965నుంచి ధర్మపురి జిల్లా, 2004నుంచి కృష్ణగిరి జిల్లా. 2006లో వచ్చిన చట్టం తమిళనాడు బడుల్లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసింది. ఆ లెక్కన తొలి జట్టు 2015-16లో పదో తరగతికి చేరింది. మన తరగతిలోని హోసూరు పిల్లలు ఆ తరువాతివాళ్ళు. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడతారు. పద్నాలుగుమందిలో తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్ళు మాత్రం అయిదుగురు, వాళ్ళలో ముగ్గురు బెంగుళూరువాళ్ళు. ఇక్కడి కుర్రవాడికి తన తెలుగుతో ఇంటిబయట ఏదైనా చేయడానికి దొరికిన మొదటి సాధనం ఈ ఫోను కెమెరానే అనుకోవచ్చు. అందుచేత ఈ చిత్రాలను పిల్లల పని అని మెచ్చుకొని పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు.

మొదటి చిత్రం మామిడికాయల కోతమీద తీసింది. కృష్ణగిరి చుట్టుపక్కల తోతాపురి తోటలు విస్తారం, గుజ్జు తీసే ఫ్యాక్టరీలూ ఉన్నాయి. బొమ్మలు బాగున్నాయి. తెల్లవారి తోటలో చిక్కం కట్టిన గడ కొమ్మలమధ్యకు పోయి కాయను తెంపుకొని దిగడం, ఆ కాయల్ని గంపల్లో సర్దడం, లారీకి ఎత్తడం, అన్నీ ఓపికగా తీశారు. అయితే మొదటి నిమిషంనుంచీ చివరిదాకా ఒక గొంతు ఆగకుండా చెబుతూనే ఉంటుంది. తెరమీద రైతు “కాయి కోస్తా ఉండాము” అంటూ నోరు తెరవగానే ఆయన గొంతు తగ్గిపోయి, “రైతులు మామిడిపండ్లను సేకరిస్తున్నారు” అన్న వ్యాఖ్యానం పైకి వస్తుంది. ఇది యాస విషయం మాత్రమే కాదు. గుజ్జుకు పోయే తోతాపురిని ముదిరిన పచ్చికాయగానే కోస్తారు. పండేది తరువాత, మాగబెట్టినచోట. రైతు కాయ అన్నది ఉన్నది ఉన్నట్లు చెప్పడం. పండు అన్న వ్యాఖ్యాత తోటకు పోయి వచ్చికూడా చూడనివాడు. చిక్కం అన్న మాటకు బదులు “వల అమర్చిన పొడవాటి కర్ర” అని రాసుకొన్నాడు. ఆ మాట వాళ్ళింట్లో అటకమీదే ఉందని తరువాత ఒప్పుకొన్నాడు.

ఇంకొక ముచ్చట చెప్పాలి. వ్యాఖ్యానం రాసిన విద్యార్థికి తెలుగు లిపి రాదు. నేను చెబుతుంటే తమిళ లిపిలో రాసుకొన్నాడు. తమిళ లిపిలో త, ద, ధ లకు ఒక్కటే అక్షరమని మీకు తెలుసు. ఇంటి మాటలైతే అక్షరం ఎలా ఉన్నా నోరు సరిగ్గా పలుకుతుంది. ఇంట్లో వినని మాట వస్తే అక్షరమే దిక్కు. నేనిచ్చిన “దళారులు” అతని నోట “తళారులు” అయింది. మామిడిరైతును ముంచేది తలారి అని చిత్రం చెప్పేసరికి, చూడవచ్చిన ఊరివాళ్ళు పగలబడి నవ్వారు. పాపం, ఊరి కావలివాడికీ మామిడి ధరకూ ఏం సంబంధం? అదే చిత్రంలో రైతు రెండుసార్లు “మండీవాళ్ళు” అంటాడు. ఆ మాట వాడుకొని ఉంటే సరిపోయేది. తప్పు కుర్రవాడిది కాదు, నాది.

ఈ ఆగని గొంతు ఎక్కడినుంచి వచ్చిందో మా తరంవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ దశాబ్దాలపాటు సినిమాహాళ్ళలో అసలు సినిమాకు ముందు తన చిత్రాల్ని చూపించింది. ఒకే బొమ్మ, తెలుగుతో సహా అనేక భాషల్లో ఒకే వ్యాఖ్యానం. తెరమీది మనిషి ఏ భాషవాడైనా, వాడు చెప్పవలసింది వ్యాఖ్యాత చెప్పేస్తాడు. ఆ సంస్థ 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిపోయింది. గొంతు మాత్రం పోలేదు, టెలివిజన్‌ద్వారా, ఇప్పుడు ఫోనుద్వారా పిల్లల చెవుల్లో కూర్చొంది. న్యాయంగా చెప్పాలంటే ఆ సంస్థలోనే దీన్ని కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో తీసిన ‘ఐ యామ్ 20’లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన యువతీయువకులు తమ మాటలు తామే చెబుతారు. ఒకరి మాట ఇంకొకరికి పొసగదు. ఆ పొసగకపోవడాన్ని ఏ వ్యాఖ్యాతా వచ్చి చక్కదిద్దడు. ఈ చిత్రాన్ని తరగతి మొదటిరోజే చూపించి ఉండవలసింది. చూపించలేదు.

రెండవ చిత్రం హోసూరు కార్ఖానాలమీద. షిఫ్టు మారే వేళ గేటు ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళను “మీకు తెలుగంటే ఇష్టమా?” అని అడగడంతోనే సరిపోయింది. ఇష్టమా అని మైకు పెట్టి అడిగితే కాదనేవాళ్ళు ఎవరు? దీనిమీద ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు.

మూడవ చిత్రానికి వచ్చేముందు నా సొంత సంగతి ఒకటి. 1990 దశకం మధ్యలో డాక్టరేటు పనికోసం ఈ ఊళ్ళలోనే క్యాసెట్ రికార్డరుతో తిరిగాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. మాబోటివాళ్ళకు అది దారి చూపిన పుస్తకం. దాని పరిధి ఆంధ్రప్రదేశ్. హోసూరు రైతుకు అందులో చోటు లేదు. ఆ లోటు పూడ్చాలని నా ఉబలాటం. కపిలబావి సామాన్ల పేర్లకోసం ఒక పెద్దాయన దగ్గర కూర్చొన్నాను. గిలక, మోకు, తొండం, ఒక్కొక్కటీ చెబుతూ చెబుతూ ఆయన, కపిల లాగిన తన ఎద్దు ఒకటి ఎట్లా చచ్చిపోయిందో మొదలుపెట్టాడు. క్యాసెట్టు ఖరీదు, పైగా అది నా ప్రశ్నల జాబితాలో లేదు. నేను రికార్డరు ఆపేశాను. ఆయన చెప్పడం ఆపలేదు. పావుగంటసేపు విని, తల ఊపి, మళ్ళీ బొత్తాం నొక్కి “తొండం చివర ఏమంటారు?” అని అడిగాను. నా సిద్ధాంతవ్యాసంలో ఆ తొండం ఉంది. ఎద్దు లేదు. ఆ పావుగంటలో ఆయన వాడిన క్రియారూపాలు, వాక్యం ముగించిన తీరు, ఒక భాషాశాస్త్రవేత్తకు కావలసినవే, ఇప్పుడు ఎక్కడ వెతకను? మామిడి చిత్రంలో రైతు గొంతును తగ్గించిన కుర్రవాణ్ణి తప్పుపట్టేటప్పుడు నాకు ఇది గుర్తుకు రాక మానలేదు.

మూడవ చిత్రం ఎనిమిది నిమిషాలది, హోసూరు దగ్గరి పల్లెలో ఒక మనవడు తన అవ్వను తీసినది. ఇది మంచి చిత్రం. అవ్వ సంగటి కెలుకుతూ ఉంటుంది. మనవడు ప్రశ్నలు అడుగుతుంటాడు, అతని ప్రశ్నలు మనకు వినిపిస్తాయి. మూడో నిమిషంలో అవ్వ కట్టె పక్కన పెట్టి, “నన్నే అడగతా ఉండావు, నీకు చదవను రాదా?” అంటుంది. అతడు తమిళం వస్తుందంటాడు. “తెలుగు?” రాదంటాడు. అవ్వ లేచి లోపలికి పోయి, పెట్టెలోనుంచి ఒక పాత పెండ్లిపత్రిక తెస్తుంది. తన పెండ్లిదే. చిన్నప్పుడు తెలుగు బడిలో అయిదుదాకా చదువుకొన్న మనిషి ఆమె. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొంటూ చదువుతుంది. కెమెరా వేలివెంట పోతుంది. ఒకచోట వేలు ఆగిపోతే కెమెరాకూడా ఆగిపోతుంది. ఆమెకు చూపు ఆనలేదు, అతనికి అక్షరం తెలియదు. ఆ ఇంట్లో ఆ క్షణాన ఆ మాటను చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఈ భాగం నలభై సెకన్లు. తరగతిలో దీన్ని పది సెకన్లకు కత్తిరించమన్న సలహా వచ్చింది. నడక మందగిస్తుందని కారణం. ఒక పూటంతా వాదం జరిగింది. ఎడిటింగు తెలిసినవాళ్ళ మాటను తేలికగా తీసిపారేయను. చాలాచోట్ల వాళ్ళే సరి, ఈ చిత్రంలోనే సంగటి తిప్పే షాట్లు రెండు ఎక్కువగా ఉన్నాయి. కాని ఇక్కడ చిత్రంలో జరుగుతున్నదే మందగించడం. దాన్ని తీసేస్తే మిగిలేది ఒక ముసలావిడ పత్రిక పట్టుకొన్న ఫోటో. మనవడు కత్తిరించలేదు. నేను సంతోషించాను.

సబ్‌టైటిల్స్ విషయంలో మాత్రం అతనితో విభేదిస్తాను. ఇంగ్లీషు, తమిళం వేయడం అవసరమే. మొదటి కూర్పులో తెలుగుకూడా వేశారు. అవ్వ “చదవను రాదా” అంటే అడుగున “చదవడం రాదా” అని, “ఉండావు” అంటే “ఉన్నావు” అని పడింది. అక్షరాలు వేసింది బెంగుళూరు విద్యార్థిని. ఆమె ఉద్దేశం మంచిదే, హైదరాబాదువాళ్ళకూ అర్థం కావాలని. కాని “ఉండావు” అర్థంకాని తెలుగువాడు ఎవరు? తెలుగు మాటకింద తెలుగు అనువాదం వేస్తే, పైన వినిపించేది తెలుగు కాదని ఒప్పుకొన్నట్లే. వేయదలిస్తే అవ్వ అన్నది అన్నట్లు వేయాలి. అలా వేసిన రెండవ కూర్పు చూశాను, అందులో రెండుచోట్ల “ఉన్నావు” ఇంకా మిగిలిపోయింది. చివర చంద్రచూడేశ్వరుడి కొండమీద సూర్యాస్తమయం, వేణువు, ఈ రెండూ మిగతా చిత్రానికి సంబంధంలేనివి. చూసిన సినిమాలనుంచి వచ్చి పడ్డాయి.

కెమెరా ఎత్తునుగురించి ఒక మాట. అతడు మొదటిరోజు నిలబడి తీశాడు. అవ్వ నేలమీద కూర్చొని ఉంది, తెరమీద ఆమె నెత్తి తప్ప ముఖం కనబడలేదు. రెండవరోజు తానూ కూర్చొన్నాడు. పూర్వపు మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు దగ్గరి పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990 దశకం చివరలో వీడియో తీయడం నేర్చుకొన్నారు. చాలామందికి చదువు రాదు. షాట్లకు పుస్తకాల్లోని పేర్లు వాళ్ళకు పనికిరాలేదు. పైనుంచీ కిందినుంచీ తీసే షాట్లకు పటేలు పేరూ బానిస పేరూ పంచిపెట్టారు. కంటికి సమానమైన ఎత్తున తీసేదాన్ని సంఘం షాట్ అన్నారు. సంఘంలో అందరూ ఒకే చాపమీద కూర్చొంటారు కనుక. పారిభాషిక పదాలు కల్పించే సంఘాల్లో నేనూ కొన్నాళ్ళు పనిచేశాను. ఇంత మంచి పదం ఒక్కటీ మేము కల్పించలేకపోయాము. మన మనవడికి ఈ పేరు తెలియదు. మోకాళ్ళు నొప్పిపుట్టి కూర్చొన్నానన్నాడు.

1960 వేసవిలో పారిస్‌లో జాఁ రూష్, ఎడ్గార్ మొరాఁ కలిసి తీసిన ‘ఒక వేసవి వృత్తాంతం’ మరుసటి ఏడు విడుదలయింది. అందులో చివరన, చిత్రంలో మాట్లాడినవాళ్ళకే దాన్ని వేసి చూపి, వాళ్ళ విమర్శను చిత్రంలోనే చేర్చారు. కొందరు మెచ్చుకొన్నారు, కొందరు ఇది నటన అని ఏకిపారేశారు. ఈ పద్ధతి మన తరగతిలో పాఠంగా చెప్పలేదు. అయినా ఆ మనవడు తన చిత్రాన్ని మాకంటే ముందు అవ్వకు ఫోనులో చూపించాడు. ఆమె పత్రిక చదివిన భాగం వచ్చినప్పుడు తన వేలు ఆగినచోట ఫోనును కళ్ళదగ్గరికి తెచ్చుకొని, ఆ మాట తన మామగారి ఊరిపేరని చెప్పిందట. తెరమీద అక్షరం పెద్దదిగా పడింది కనుక ఆనింది. తరువాత సంగటి భాగం మళ్ళీ వేయించుకొని చూసి, “నువ్వు మాట్లాడిస్తా ఉంటే ఉండలు కట్టేసింది, చూడు. ఇంకోతూరి తియ్యి, ఈతూరి ఉలకకుండా చేస్తా” అన్నదట. అతడు దాన్ని తీయలేదు, ఫోను ఆమె చేతిలో ఉంది.