అందరికీ 20

ఏ వార్డులోనైనా నాలుగు కేస్ షీట్లు తిరగేయండి. జ్వరం అంకె మారుతుంటుంది, బీపీ మారుతుంటుంది. శ్వాస గడిలో మాత్రం పొద్దున 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. పక్క మంచం మనిషిదీ 20. వార్డు వార్డంతా కూడబలుక్కుని ఊపిరి పీలుస్తున్నట్టు! మిగతావాటికి మెషిన్లున్నాయి, దీనికి మాత్రం ఎవరో ఒకరు నిమిషం పాటు నిలబడి చూడాలి. మంచాలు ఎక్కువై సిస్టర్లు తక్కువైన చోట ఆ నిమిషమే దొరకదు, ఒప్పుకుంటాను. అయినా నర్సు చేసే పనుల్లో నేను మొదట కాపాడుకునేది ఆ నిమిషాన్నే.

లెక్కపెడుతున్నామని తెలిస్తే పేషెంటు ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, కళ్లు ఛాతీ మీద పెడతాం. అంకె ఒక్కటే చాలదు. మెడ కండరాలు బిగుస్తున్నాయా? డొక్కలు ఎగరేస్తున్నారా? మోకాళ్ల మీద చేతులు ఊని ముందుకు వంగి కూర్చున్నారా? "ఏం తిన్నావు బాబాయ్?" అంటే గుక్క తిప్పుకోకుండా చెప్పగలుగుతున్నాడా, మాటకోసారి ఆగుతున్నాడా? నిమిషానికి 25 చేరిందంటే డాక్టరును పిలవడానికి వేరే సాకు వెతుక్కోనక్కర్లేదు.

"శాచురేషన్ 97 ఉంది కదా సిస్టర్!" కోవిడ్ తర్వాత ఇంటింటికీ ఆక్సిమీటర్ చేరాక, పేషెంటు తాలూకు వాళ్లు మమ్మల్ని అడిగే మాట ఇది. 1974 ప్రాంతంలో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగికి తట్టిన ఆలోచన అది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో! కానీ అది చెప్పేది ఆక్సిజన్ సంగతి ఒక్కటే. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందో లేదో దానికి తెలియదు. మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తుంటే, ఊపిరి సన్నగిల్లిపోతున్నా చాలాసేపు 97 అనే చూపిస్తుంది.

ఏళ్ల తరబడి బీడీలు కాల్చినవాళ్లు, కట్టెల పొయ్యి పొగ మింగినవాళ్లు సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బుతో వస్తారు. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే తత్వం ఉన్నవాళ్లకు శాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. "తొంభయ్యేనా? ఆక్సిజన్ పెంచండి" అని కొడుకులు గొడవపడతారు. ఇష్టమొచ్చినట్టు పెంచితే ఏమవుతుందో మంచం దగ్గరే కనిపిస్తుంది. అరచెయ్యి వెచ్చబడుతుంది, నాడి ఎగిరెగిరి కొట్టుకుంటుంది, తలనొప్పి అంటాడు. చేతులు చాపి అరచేతులు పైకెత్తమంటే మణికట్లు ఉండుండి జారిపడతాయి. "రాత్రంతా దగ్గి దగ్గి ఇప్పుడే హాయిగా పడుకున్నాడమ్మా, లేపకు" అంటుంది పెద్దావిడ. తిట్టినా సరే, లేపాల్సిందే. అది నిద్రో మగతో తేలాలంటే వేరే దారి లేదు.

ఇక ఏబీజీ. ధమనిలోంచి తీసిన ఆ కాస్త రక్తంలో పీహెచ్ 7.35 నుంచి 7.45, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 ఉంటే నార్మల్ అని నర్సింగ్ స్కూల్లో బట్టీ పట్టిస్తారు. ఆ బట్టీయే ఒక్కోసారి ముంచుతుంది. ఆస్తమా ముదిరి రొప్పుతున్న పిల్లకు ఆ వేగానికి కార్బన్ డయాక్సైడ్ బయటికి కొట్టుకుపోయి 35 కంటే కిందికి దిగాలి. రిపోర్టులో 40 వచ్చిందనుకోండి, మెషిన్ నార్మల్ అంటుంది. నిజానికి ఆ పిల్ల అలిసిపోయింది. శ్వాస 36 నుంచి 22కి దిగుతుంది, పిల్లికూతలు ఆగిపోతాయి, వార్డులో అందరూ "తగ్గింది" అనుకుంటారు. స్టెతస్కోపు పెడితే ఛాతీలో గాలి కదిలే చప్పుడే ఉండదు.

ఈ పొరపాటుకు పెద్ద చరిత్రే ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో మొదట్లో రెస్పిరేటర్ పెట్టిన 31 మందిలో 27 మంది పోయారు. రక్తపరీక్షలో బైకార్బనేట్ ఎక్కువ కనిపిస్తే, ఒంట్లో క్షారం పెరిగిందనుకున్నారు డాక్టర్లు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ ఆ అంకెను వేరేలా చదివాడు: కండరాలు చచ్చుబడి ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోంది, చెమటలూ పెరిగిన బీపీ దాని గుర్తులే. ఆగస్టులో 12 ఏళ్ల పిల్లకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచీ చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చాడు. ఆ పిల్ల బతికింది. తర్వాత సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా సంచీలు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి.

మన దగ్గర పోలియో పోయింది గానీ, కట్లపాము ఉంది. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్న కూలీని కాటేస్తుంది, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, తల ఎత్తలేడు, మింగలేడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటాయి. వాటిని నడిపే కండరాలే పడిపోతుంటాయి. విరుగుడు మందు ఇచ్చినా, అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలు కోలుకోవడానికి రోజులు పడతాయి. పైగా ఏ పాము కరిచిందో తేలని మనిషికి రక్తం గడ్డకడుతోందో లేదో చూడకుండా ధమనిలో సూది గుచ్చకూడదు. అంటే ఏబీజీ వెంటనే చేతికి రాకపోవచ్చు.

అప్పుడు పనికొచ్చేది చెడుగుడు కూత లాంటి పరీక్ష. గుండెల నిండా గాలి పీల్చమని, ఆ ఒక్క గుక్కలో ఎంతవరకు వస్తే అంతవరకు ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమంటాం. గంట గంటకూ, అవసరమైతే ఇంకా ముందే, ఆ అంకె కేస్ షీట్లో రాస్తాం. 24, తర్వాత 18, ఆ తర్వాత 11. వేలికి ఉన్న ఆక్సిమీటర్ ఇంకా 97 అంటూనే ఉంటుంది. ఆ 11 వచ్చేదాకా కూడా ఆగకూడదు. 18కి దిగినప్పుడే మత్తు డాక్టరుకు ఫోన్ వెళ్లాలి, మంచం తలాపున చేత్తో నొక్కి ఊపిరిచ్చే అంబు బ్యాగు, సక్షన్ సిద్ధంగా ఉండాలి.