ధర్మరాజు చూచిన పాదములు

ఆడువారి నోట రహస్యము దాగదనుటకు ధర్మరాజు శాపమును ప్రమాణముగా చూపి నవ్వుకొనుట మనవారికి అలవాటు. ఒక స్త్రీ తన కడుపులోని మాటను పెక్కేండ్లు దాచుటయే ఆ శాపమునకు మూలమని వారు మరతురు. శాపమునకు ముందు అతడు పలికిన పలుకులను విమర్శించువారు మరియు అరుదు.

గంగాతీరమున మృతులకు జలతర్పణములు విడుచు వేళ, కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని కుంతి బయటపెట్టెను. ఇది స్త్రీపర్వాంతము. శాంతిపర్వారంభమున ధర్మరాజు నారదునితో తన దుఃఖమును చెప్పుకొనుచు ఒక సంగతిని స్మరించును. ద్యూతసభలో కర్ణుని పరుషవాక్యములకు పుట్టిన కోపము, అతని పాదములపై దృష్టి పడగానే చల్లారెనట. అవి తల్లి పాదములను పోలియుండెను. ఆ పోలికకు కారణము ఎంత తలపోసినను తోచలేదనును.

సత్యము అతని కంటబడినది. మనస్సు దానిని గుర్తించినది. అయినను అతడు తనలో తాను తర్కించుకొనెనని కవి చెప్పెనే గాని, తల్లిని అడిగెనని చెప్పలేదు. ఇది పశ్చాత్తాపమున పుట్టిన ఊహయని కొందరనవచ్చును. కాని ఆదిపర్వమున, అస్త్రవిద్యాప్రదర్శన వేళ కర్ణార్జునులు ఎదురుపడగా కుంతి మూర్ఛిల్లెను, విదురుడు తేర్పించెను. ఆ గుర్తు అందరి యెదుటనే యున్నది. కర్ణుడెవరో ఎరిగినచో ధర్మరాజు రాజ్యము గ్రహింపడని కర్ణుడే కృష్ణునితో చెప్పియుండెను. ఒక్క ప్రశ్నకు ఎంత విలువ యుండెనో దీనివలన తెలియును.

అంతఃకరణము చెప్పినదెల్ల సత్యమని మేమనము. పోలికలు మోసగింపవచ్చును. అది తీర్పు చెప్పజాలదు గాని, ప్రశ్న పుట్టింపగలదు. ఆ ప్రశ్నను నోటికి రానీయకుండుట మాతృభక్తి కాదు. ఛాందోగ్యోపనిషత్తున సత్యకాముడు తన గోత్రమేమని తల్లిని సూటిగా అడిగెను. యౌవనమున పలుచోట్ల పరిచర్య చేయుచు నిన్ను కంటిని, గోత్రమెరుగనని జబాల దాచక చెప్పెను. బాలుడు ఆ మాటనే విన్నవింపగా, సత్యము తప్పనందులకే హారిద్రుమతుడైన గౌతముడు అతనిని శిష్యునిగా గ్రహించెను. అడిగిన కొడుకునకు గాని, చెప్పిన తల్లికి గాని కలిగిన లోటేమి?

కుంతిని నిందించి ఊరకుండుటయు న్యాయము కాదు. పసికందును పెట్టెలో నుంచి ఏటిలో విడిపించినది లోకాపవాదభయము. శపింపదగినది ఆ భయమును పెంచిన లోకమే. ధర్మరాజు దానిని విడిచి స్త్రీలను శపించెను.

నేడును పుట్టుకను, దత్తతను, పూర్వవివాహమును బిడ్డలకు దాచు తలిదండ్రులు కలరు. 2022వ సంవత్సరపు దత్తత నియమములు పెంపుడు బిడ్డలు తమ మూలమును వెదకుకొనుటకు అవకాశ మొసగినవి. చట్టమునకు తెలిసిన ఈ న్యాయము మన యిండ్లకును తెలియవలెను. ఇంటిలో మాట మారినప్పుడు, కన్నులు తప్పించినప్పుడు బిడ్డ కనిపెట్టును. అట్టి బిడ్డ వినయముతో అడుగవలెను. అడిగినవానిని పెద్దలు గద్దింపక చెప్పవలెను. తర్పణము విడుచు నాడు తెలిసిన అన్నకు తమ్ముడు చేయగలిగిన దేమున్నది?