సేతువూ, అఫిడవిట్టూ

ఓడల కోసం 2005లో మొదలైన సేతుసముద్రం కాలువ రామసేతువును తెగ్గొడుతుందని 2007లో పెద్ద గొడవ లేచింది. రామాయణ పాత్రలకు చారిత్రక ఆధారం లేదంటూ పురావస్తు శాఖ సుప్రీంకోర్టులో అఫిడవిట్టు వేసింది. అలజడి రేగగానే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. రాముడు ఏ ఇంజనీరింగు కాలేజీలో చదివాడని కరుణానిధి అడిగితే నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. అది పొరపాటని ఇప్పుడనుకుంటున్నాను. కావ్యాన్ని దస్తావేజుగా చదవడం మతవాదుల పద్ధతి. మనం దాన్నే తిరగేసి పట్టుకున్నాం.

వాల్మీకిలో నలుడి సేతువు అయిదు రోజుల పని. తొలినాడు 14 యోజనాలు, తర్వాత 20, 21, 22, చివరినాడు 23. ఇది కొలత కాదు, చేతులు కలిసేకొద్దీ పుంజుకున్న శ్రమ వేగం. ఇక ఉడుత సంగతి. అది వాల్మీకిలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. అంత చిన్న ప్రాణిని ఆ పనిలోకి ఎందుకు తెచ్చారన్నది సాహిత్య విద్యార్థి అడగవలసిన ప్రశ్న. (మా బడి పిల్లలు అడుగుతూనే ఉంటారు.)

రాముడు ఉన్నాడా లేడా అని మనం తగవులాడుకుంటుంటే, 167 కిలోమీటర్ల కాలువ వల్ల పగడపు దిబ్బలేమవుతాయి, వలలో చేప పడుతుందా అని అంతకుముందే అడిగిన రామనాథపురం జాలర్ల మాట వార్తల అడుగున పడిపోయింది. అభ్యుదయ విమర్శ అనే పేరు పెట్టుకున్న మనం కూడా వాళ్ల వైపు తలతిప్పలేదు.