కాంపెన్సేటర్ పిస్టల్‌కు మారేటప్పుడు పట్టు

పిస్టల్ పేలిన క్షణంలో రెండు కదలికలు పుడతాయి. గుండూ దాని వెనక మందు కాలిన వాయువూ ముందుకు దూసుకుపోతాయి కనుక తుపాకీ వెనక్కి తంతుంది. బ్యారెల్ చేతికి పైన ఉంటుంది కాబట్టి ఆ తన్ను తిన్నగా అరచేతిలోకి రాదు; మణికట్టు ఇరుసుగా మూతి పైకి లేస్తుంది. పోటీ పిస్టళ్ల మూతికి బిగించే కాంపెన్సేటర్ ముఖ్యంగా ఈ రెండో కదలికను అదుపు చేస్తుంది. దాని పైభాగంలోని గాడుల గుండా వాయువు ఎగజిమ్మి మూతిని కిందికి నొక్కుతుంది. ధారగా నీళ్లు చిమ్ముతున్న పైపును నేల మీద వదిలేస్తే అది ధారకు ఎదురు దిక్కుకు కొట్టుకుపోవడానికీ కారణం ఇదే. లోపలి అడ్డుగోడలకు తగిలిన వాయువు తుపాకీని కొంత ముందుకు లాగుతుంది కనుక వెనక్కి తన్నడమూ తగ్గుతుంది. తగ్గడమే, పోవడం కాదు. మిగిలినదాన్ని చేయే భరించాలి.

కాంపెన్సేటర్ పనిచేయాలంటే వాయువు కావాలి. ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో కాంపెన్సేటర్‌ను అనుమతించే ఓపెన్ విభాగంలో మేజర్ స్థాయి స్కోరు దక్కాలంటే తూటా పవర్ ఫ్యాక్టర్ కనీసం 160 ఉండాలి. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని హెచ్చించి, 1000తో భాగిస్తే వచ్చే సంఖ్య అది. 124 గ్రెయిన్ల గుండు 1300 అడుగుల వేగంతో పోతే 161 దాటుతుంది. అదే సంఖ్యను బరువైన గుండుతోనూ సాధించవచ్చు గానీ, ఓపెన్ షూటర్లు తేలిక గుండునూ నెమ్మదిగా కాలే మందునూ ఎంచుకుంటారు. మందు ఎక్కువ పడుతుంది, మూతి దగ్గర వాయువు ఎక్కువ మిగులుతుంది. ఆ పిస్టల్‌లోనే బలహీనమైన తూటా వేస్తే కాంపెన్సేటర్ ముందువైపు వేలాడే బరువు మాత్రమే అవుతుంది. స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక తుపాకీ మొరాయించనూ వచ్చు.

మన దేశంలో ఇలాంటి తూటాలు పేల్చే 9 ఎంఎం పిస్టల్ సాధారణ పౌరులకు నిషిద్ధ బోరు. అందువల్ల ఇక్కడ పిస్టల్ పట్టే యువతకు కాంపెన్సేటర్ మొదట పరిచయమయ్యేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మీద.

ఎయిర్ పిస్టల్‌లో గుండు బరువు అర గ్రాము, వేగం సెకనుకు 150 మీటర్ల చుట్టుపక్కల. శక్తి ఆరు జౌళ్లకు మించదు. అంత చిన్న తన్నుకు కాంపెన్సేటర్ ఎందుకన్న సందేహం సహజం. గుండు వెనక నుంచి తోసుకొచ్చే గాలిని పక్కలకు మళ్లించి, అది గుండు తోకను కదిలించకుండా చూడడం దాని ఒక పని. మూతి స్వల్పంగా ఎగరడాన్ని తగ్గించడం రెండోది. కొన్ని మోడళ్లలో లోపల ఒక చిన్న బరువు ఎదురు దిక్కుకు కదిలి మిగిలిన కుదుపునూ మింగేస్తుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కనుక ఈ కొద్దిపాటి తేడాకూ విలువ ఉంది. చిక్కల్లా స్ప్రింగ్ పిస్టల్ మీద నేర్చుకుని వచ్చినవారికి. స్ప్రింగ్ కుదుపును అణచడానికి గట్టిగా బిగించే అలవాటు వారిది. కొత్త పిస్టల్‌లో అణచవలసిన కుదుపు లేదు; ఆ బిగువే వణుకై గురిని చెదరగొడుతుంది.

ఒంటి చేతి పట్టులో పిస్టల్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో వీలైనంత ఎత్తున కూర్చోవాలి. బ్యారెల్ గీత, ముంజేయి గీత ఒకే వరసలో ఉండాలి. నొక్కే పని మధ్యవేలు, ఉంగరంవేలివి. అవి తిన్నగా వెనక్కే నొక్కాలి. బొటనవేలు, చిటికెనవేలు ఊరికే ఆని ఉంటాయి. మణికట్టు బిగిసి ఉండాలి, చూపుడువేలు మాత్రం స్వేచ్ఛగా కదలాలి. మణికట్టుకు ఆసరా ఇచ్చే పిడి నిబంధనలకు విరుద్ధం. అందుకే చెక్క పిడిని చేతి గుంటలకు సరిపోయేలా పుట్టీతో నింపి, ఆకురాయితో అరగదీసుకుంటారు. ఓపిక కావలసిన పని. కొత్త పిస్టల్ కొన్న నాడే దీనికి కూర్చోవడం మేలు.

25 మీటర్ల పోటీలో పట్టుకు అసలు పరీక్ష. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ ఎయిర్ పిస్టల్‌తో పేరు తెచ్చుకుని, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది. ఆ పోటీ ర్యాపిడ్ దశలో 45 డిగ్రీల కోణంలో దించిన చేతిని ఎత్తి మూడు సెకన్లలో ఒక గుండు పేల్చాలి. పురుషుల ర్యాపిడ్ ఫైర్‌లో అన్నిటికన్నా వేగమైన దశలో నాలుగు సెకన్లలో అయిదు టార్గెట్ల మీద అయిదు గుళ్లు. 2012 లండన్‌లో విజయ్ కుమార్ రజతం తెచ్చింది అందులోనే. గుండుకూ గుండుకూ మధ్య పిడి సర్దుకునే తీరిక ఉండదు. ఈ పోటీల్లో వాడే .22 తూటాలో వాయువు తక్కువ. ఏ పరికరమూ చేయగలిగింది పరిమితమే.

ఓపెన్ పిస్టల్‌కు వాడే రెండు చేతుల పట్టులో పిస్టల్‌ను గట్టిగా పట్టేది ఆసరా చేయి. ట్రిగ్గర్ చేయి బిగిస్తే చూపుడువేలు మొద్దుబారుతుంది. రెండు బొటనవేళ్లూ టార్గెట్ వైపు చాపి, ఆసరా చేతి మణికట్టును ముందుకు వంచి బిగిస్తారు. ఆ వేళ్లు గాడుల దరికి పోకూడదు. ఎగజిమ్మే వాయువు చర్మాన్ని కాలుస్తుంది.

మార్పులో అన్నిటికన్నా మొండి సమస్య మూతిని ముందే కిందికి తోసే అలవాటు. మామూలు పిస్టల్ మీద ఏళ్ల తరబడి కాల్చినవారి చేయి పేలుడుకు కొద్ది ముందే లేదా దానితోపాటే కిందికి నొక్కుతుంది. అక్కడ ఆ తోపు ఎగిరే మూతిని పట్టి ఆపేది. ఇక్కడ ఆ పని వాయువు చేసేస్తుంది కనుక తోపు మిగిలిపోయి, సైటులో కనిపించే ఎర్రచుక్క గురి కిందికి దిగిపోతుంది. రెండో గుండు టార్గెట్ అడుగున పడుతుంది. చాలామంది దీనికి రీకాయిల్ స్ప్రింగ్‌నో సైటునో తప్పుపడతారు. ముందు చూసుకోవలసింది చేతినే. తోడు ఉన్నవారు మేగజైన్‌లో ఎక్కడో ఒక డమ్మీ తూటా కలిపి ఇస్తే దోషం బయటపడుతుంది: పేలని తూటా వంతు రాగానే మూతి ముక్కు వంచుతుంది. చేయి ఆగేదాకా ఆ సాధన, దానికి తోడు ఖాళీ పిస్టల్‌తో డ్రై ఫైర్ చేయడమే మందు.

ఎర్రచుక్క అసలు కదలకూడదన్న ఆశ కూడా తప్పుదారి పట్టిస్తుంది. అది పైకి లేచి, ప్రతిసారీ అదే దారిన అదే చోటికి దిగితే చాలు. పక్కకు వాలి తిరిగొస్తుంటే రెండు చేతుల బిగువులో తేడా ఉన్నట్టు. పట్టు సరిగా ఉన్నా ప్రతిసారీ కిందికి దిగుతుంటే అప్పుడు రీకాయిల్ స్ప్రింగ్ బలం చూడాలి: స్లైడ్ మూసుకునేటప్పటి తాకిడే మూతిని వంచుతూ ఉండవచ్చు. స్ప్రింగ్ ఒక్కో మెట్టూ తగ్గిస్తూ, ఆ పోటీకి వాడే తూటాలతోనే పరీక్షించాలి.

కాంపెన్సేటర్ పిస్టల్ మోత పక్కవారికీ గట్టిగానే తగులుతుంది. చెవులకూ కళ్లకూ రక్షణ తప్పనిసరి. గాడుల్లో పేరుకున్న మసిని గీకి తీయాలి, ఎర్రచుక్క అద్దాన్ని తుడవాలి. కాంపెన్సేటర్ బిగింపును ప్రతి సాధనకు ముందు చేత్తో పట్టి చూడాలి. అది వదులైతే గుండు లోపలి అంచును రాసుకుని పోతుంది. బాగున్న పట్టు కూడా చెడిందేమోనని షూటర్ అనుమానపడేది అప్పుడే.