నవ్వు ఉండేది చెప్పే గొంతులో

మాయలూ మంత్రాలూ ఉన్న హాస్య నవలను టీవీకి ఎక్కించడం చూడ్డానికి తేలిక. రెక్కలు మొలిపించడానికి గ్రాఫిక్స్ ఉన్నాయి, ఖర్చు పెట్టడానికి ఓటీటీలున్నాయి. తీరా తీశాక చప్పగా తేలుతుంది. ఎందుకంటే అలాంటి పుస్తకంలో మనల్ని నవ్వించేది జరిగిన వింత కన్నా ఆ వింతను చెప్పిన తీరు. ఓ దేవదూత లండన్‌లో పుస్తకాల షాపు పెట్టుకున్నాడంటే చిన్న విడ్డూరమే. ఆ మాటను రచయిత ముఖంలో నవ్వు పొక్కనీయకుండా చెబుతాడు చూడండి, అక్కడుంది మజా. కెమెరాకు విడ్డూరం దొరుకుతుంది, గొంతు దొరకదు. ఆ గొంతును తెరమీద ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే ఈ విద్యలో మొదటి పాఠం.

ఇంగ్లీషువాళ్లు దీనికి మూడు దారులు తొక్కారు. మొదటిది, గొంతును గొంతుగానే ఉంచేయడం. డగ్లస్ ఆడమ్స్ 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' 1978లో బీబీసీ రేడియో నాటకంగా పుట్టి, మరుసటేడు నవలై, 1981లో ఆరు భాగాల టీవీ సీరియల్ అయింది. కథలో విశ్వయాత్రికులకు దారి చూపే ఓ పుస్తకం ఉంటుంది. పీటర్ జోన్స్ దాని మాటల్ని తాపీగా చదువుతుంటే తెరమీద కంప్యూటర్ అక్షరాలు, బొమ్మలు పరుగెడతాయి. నిజానికి అవి కంప్యూటర్ చేసినవి కావు. చిత్రకారులు కూర్చుని చేత్తో గీసిన యానిమేషన్ అది! నవలలో పక్కదారి పట్టి చెప్పే పిట్టకథల్ని కత్తిరించకుండా, వాటికే తెరమీద పెద్దపీట వేశారు.

రెండోది, గొంతును నటుడికి అప్పగించడం. టెర్రీ ప్రాచెట్ నవలల్లో మృత్యుదేవుడి మాటలకు కొటేషన్ గుర్తులుండవు, అన్నీ పెద్దక్షరాలే. పెద్దక్షరాన్ని వినిపించేదెలా? 2006లో 'హాగ్‌ఫాదర్'ను టీవీకి తీసినప్పుడు ఇయాన్ రిచర్డ్‌సన్ చేత ఆ మాటలు చెప్పించారు. అచ్చులోని బరువు కంఠంలోకి వచ్చింది.

మూడోది, అన్నిటికన్నా తెగువ కావలసింది: పుస్తకంలో లేనిదాన్ని పుస్తకం స్వభావంతో కల్పించడం. ప్రాచెట్, నీల్ గైమన్ కలిసి రాసిన 'గుడ్ ఓమెన్స్' 1990లో వచ్చింది. ప్రాచెట్ 2015లో పోయారు, సీరీస్ 2019లో వచ్చింది. అందులో దేవుడి గొంతుగా ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ వ్యాఖ్యానం వినిపిస్తుంది. అది మొదటి దారే. మూడో ఎపిసోడ్ మాత్రం దాదాపు అరగంట పాటు పేర్లు కూడా పడకుండా సాగుతుంది. నోవా ఓడ దగ్గర, రోములో, షేక్‌స్పియర్ గ్లోబ్ థియేటర్‌లో, బాంబులు పడుతున్న 1941 నాటి లండన్‌లో, యుగయుగాలుగా పుస్తకాల షాపు దేవదూతా ఓ దయ్యమూ ఎదురుపడుతూనే ఉంటారు. నవలలో ఈ వరస లేదు. అయినా నవల అభిమానులు దాన్ని తమదిగానే ఒప్పుకున్నారు. ఆ ఇద్దరుగా నటించిన మైకేల్ షీన్, డేవిడ్ టెనంట్ మాటల మధ్య పుస్తకం చమత్కారం చెక్కుచెదరలేదు మరి.

ఇదంతా మనకు కొత్త విద్య కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' మొత్తం ఓ గొంతు మీదే నడుస్తాయి. మణిసిద్ధుడు కాశీకి పోతూ మజిలీ మజిలీకీ గోపుడికి కథ చెబుతాడు. 1951లో 'పాతాళభైరవి' తీసినప్పుడు పింగళి నాగేంద్రరావు అక్కడి కథాబీజానికి అల్లావుద్దీన్ దీపం ఛాయలు కలిపారు. మణిసిద్ధుణ్ణి మాత్రం తెరమీదికి తేలేదు. ఆయన గొంతును పాత్రలకు పంచేశారు. మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావు 'డింభకా' అన్నప్పుడల్లా ఆ పిలుపులో భయమూ ఉంటుంది, పరాచికమూ ఉంటుంది.

గడ్డం ఘట్టమే తీసుకోండి. మాంత్రికుడి శక్తంతా గడ్డంలోనే ఉంది. హీరో నేస్తం అంజి, మాంత్రికుడి శిష్యుడి వేషంలో వచ్చి, నున్నగా గీయించుకుంటే రాజకుమారికి నచ్చుతారని ఎక్కిస్తాడు. అంతటి మాంత్రికుడూ పెళ్లిచూపులకు పోయే కుర్రాడిలా మురిసిపోయి ఒప్పుకుంటాడు. ఇక్కడ కెమెరా మాయ ఏమీ అక్కర్లేదు. మంత్రానికి ఓ నియమం పెట్టి, మనిషి బలహీనతతో దాన్ని భగ్నం చేస్తే చాలు, నవ్వు దానంతటదే వస్తుంది. మార్కస్ బార్ట్లే కెమెరా పనితనం గురించి ఎంత చెప్పుకున్నా, డెబ్భై ఏళ్ల తర్వాత కూడా జనం నాలుక మీద ఆడుతున్నవి పింగళి మాటలే.

ఈ గొంతు సంగతి ఇప్పుడెందుకంటే, నేనుండే ఫింటాస్‌లో, ఆ మాటకొస్తే కువైట్ అంతటా, తెలుగిళ్ల పిల్లల్లో చాలామందికి మన భాష చెవికి తెలుసు, కంటికి తెలియదు. అమ్మమ్మతో ఫోన్లో గడగడా మాట్లాడతారు, పుస్తకం ఇస్తే పక్కన పెడతారు. వాళ్లకు తెలుగు నవల చేరాలంటే చెవిగుండానే చేరాలి. అందుకే ఈ విద్య మనకు వినోదం కంటే ఎక్కువ.

సరుకు లేకపోలేదు. విశ్వనాథ సత్యనారాయణ అనగానే 'వేయిపడగలు', జ్ఞానపీఠం గుర్తొస్తాయి గానీ, ఆయన 'హాహా హూహూ' రాశారని ఎందరికి తెలుసు? గుర్రం తలా రెక్కలూ ఉన్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. దీన్ని తీసేవాళ్ల చూపు ముందు రెక్కల మీదికే పోతుంది. కానీ అసలు హాస్యమంతా ఆ వింతజీవి ఏమిటో తేల్చడానికి ఇంగ్లీషువాళ్లు పడే గంభీరమైన హైరానాలో ఉంది. ఇంకా చవగ్గా తీయగలిగింది ఆయనదే 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, భారతాన్ని తెలుగు చేసిన కవుల్లో ఒకరైన తిక్కన కథకుడి కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. పాఠం మొదలయ్యాక ఎవరు ఎవరికి గురువో తెలియకుండా పోతుంది. ఓ గది, ముగ్గురు మంచి నటులు, కల కన్నవాడి వ్యాఖ్యానం, ఇవి చాలు. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు అందులో ప్రతి ప్రశ్నా తమ క్లాసులోదే అనిపిస్తుంది.

కాబట్టి నిర్మాతలకు చెప్పేదొక్కటే: గ్రాఫిక్స్ వాళ్లకంటే ముందు మాటల రచయితను కుదుర్చుకోండి, ఆయనకు అడిగినంత గడువివ్వండి. వాళ్లు కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. వచ్చే శుక్రవారం సెలవే కదా, 'విష్ణుశర్మ' తీసి పిల్లల ముందు రెండు పేజీలు పైకి చదవండి. వాళ్లు ఎక్కడ నవ్వారో పెన్సిలుతో గుర్తు పెట్టండి. రేపు సీరియల్ తీసేవాళ్లు వదలకూడని వాక్యాలు అవే.